ఒక్క ఎర్రరే కదా అనుకున్నాను

2024 డిసెంబరు 14, శనివారం రాత్రి. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుని బతికే నేను వారానికి రెండు రాత్రులు కంప్యూటర్లో విమానం నడుపుతాను. ఆ రాత్రి కూడా సముద్రం మీంచి వచ్చి, డాల్ఫిన్స్ నోస్ కొండని ఎడమ చేతికి వదిలి, మన వైజాగ్‌లో డేగా విమాన స్థావరం 28 రన్‌వే మీదికి దిగుతున్నాను. సరిగ్గా ఊరి ఇళ్ళు కనబడే చోట బొమ్మ అతుక్కుపోవడం మొదలైంది. విసుగొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచాను. మెమరీ స్పీడ్ దగ్గర 2400 అని ఉంది. నేను కొన్న పేకెట్టు మీద 3200 అని ఉన్నట్టు బాగా గుర్తు. అట్టపెట్టె బీరువా మీద నుంచి దింపి చూశాను. 3200 అనే ఉంది.

రెండేళ్ళు. రెండేళ్ళపాటు డబ్బులిచ్చి కొన్న వేగాన్ని వాడకుండా కూర్చున్నాను. ర్యామ్ (అంటే ఆ మెమరీ) దానంతటది పేకెట్టు మీది వేగంతో నడవదని, బయాస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే మీట మనమే నొక్కాలని (కొన్ని మదర్‌బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు) ఆ రోజు దాకా నాకు తెలియదు. బిగించి ఇచ్చిన కుర్రాడు చెప్పలేదు, నేను అడగలేదు.

నొక్కాను. 3200 వచ్చింది. ఇరవై నిమిషాల్లో విండోస్ కూలిపోయి నీలం తెర వచ్చింది.

మర్నాడు ర్యామ్ ముక్కల వివరాలు చదివే థైఫూన్ బర్నర్‌తో చూస్తే సంగతి బయటపడింది. మొదటి ముక్క 2022లో కొన్నాను, రెండోది 2023లో. రెంటి మీదా ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబరు. లోపలి చిప్పులు మాత్రం ఒకదాంట్లో మైక్రాన్‌వి, ఇంకోదాంట్లో హైనిక్స్‌వి. జోడెడ్ల బండికి ఒక పక్క ఎద్దుని, ఇంకో పక్క దున్నని కట్టినట్టు. ద్వారకానగర్‌లో నేను కొన్న షాపుకి వెళ్ళి అడిగితే ఆయన నవ్వేశాడు. "సార్, మా దగ్గరికి పేకెట్టొస్తాది, పేకెట్టు అమ్ముతాం. లోపలేటుందో కంపినీవోడికే తెలాల." ఆయన తప్పేం లేదు. కంపెనీలు అదే పేరు మీద చిప్పులు మారుస్తూ ఉంటాయి. అందుకే జంటగా ఒకే పెట్టెలో వచ్చినవి కొనుక్కోవాలి. ఇది నాకు తెలిసిన మొదటి పాఠం, ఖరీదు తర్వాత చెబుతాను.

డిసెంబరు 22 ఆదివారం గాజువాక వెళ్ళి ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ జత తెచ్చాను. ఆయన కొత్త తరం ర్యామ్ వాడే డీడీఆర్5 మిషనుకి మారిపోయాడట. ఎనిమిదేసి జీబీలవి రెండు, 3200 వేగం, 14-14-14-34 టైమింగ్స్ (ఒక్కో పనికి ర్యామ్ తన గడియారంలో ఎన్ని టిక్కులు తీసుకుంటుందో చెప్పే అంకెలు), 1.35 వోల్టులు. ఈ అంకెలు కనబడితే లోపల దాదాపుగా శాంసంగ్ బీ-డై చిప్పులే ఉంటాయని, ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళకి, అంటే రాసిన వేగాన్ని మించి నడిపేవాళ్ళకి, అవి బంగారమని అప్పటికి చదివేసి ఉన్నాను. 4,800 రూపాయలు. ఆయన వాటిని జీడిపప్పు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. స్టాటిక్ కరెంటు కొడుతుందేమోనని నేను భయపడుతుంటే, "మన ఊరి ఉక్కకి స్టాటిక్ పుడతాదేటండి" అన్నాడు. నిజమే, గాల్లో తేమ ఎక్కువున్న చోట దాని బెడద తక్కువ. ఆ తేమకి వేరే ఖర్చుంది. ఇంటికొచ్చి కేబినెట్ విప్పబోతే రెండు స్క్రూలు తుప్పు పట్టి తిరగలేదు. పాత ర్యామ్ ముక్కల బంగారు పళ్ళ మీద కూడా మసక పొర. పెన్సిల్ రబ్బరుతో తుడిచి, 1,600కి ఎవరికో అమ్మేశాను.

కొత్త జత పెట్టి ఎక్స్‌ఎంపీ నొక్కితే ఏ గొడవా లేకుండా 3200లో నడిచింది. అదే రన్‌వే, అదే వాతావరణం, అదే విమానం. దిగేటప్పుడు సెకనుకి 31 ఫ్రేములు వచ్చేది 38 అయింది. అక్కడ ఆగిపోవాల్సింది. నాకూ తెలుసు.

కానీ లెక్కల మేష్టారి బుర్ర కదా. టైమింగ్స్‌లో మొదటిదైన సీఎల్ అంకెని 2000తో గుణించి, వేగంతో భాగిస్తే అడిగిన డేటాలో మొదటి ముక్క చేతికొచ్చే సమయం నానోసెకన్లలో వస్తుంది. 3200లో సీఎల్ 16 అంటే 10 నానోసెకన్లు. 3600లో సీఎల్ 18 అన్నా అదే 10. అంకె పెరిగిందని సంబరపడి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళు చాలామంది అక్కడ కదలకుండా నిలబడే ఉన్నారు! నా జత 3200లో 14 అంటే 8.75. అదే 14ని 3600కి తీసుకెళ్తే 7.78. 3800కి తీసుకెళ్తే 7.37. కాయితం మీద ఎంత బాగుందో.

నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు. ఈ తరం రైజెన్‌లో ర్యామ్ గడియారం, ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ గడియారం ఒకటికి ఒకటిగా నడిస్తేనే లాభం. ర్యామ్ అసలు గడియారం పేకెట్టు అంకెలో సగమే కాబట్టి, 3600కి ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్ కావాలి, 3800కి 1900. అన్ని ప్రాసెసర్లూ 1900 ఎక్కవు. నాది ఎక్కుతుందో లేదో తెలియాలంటే ఎక్కించి చూడడమే.

డిసెంబరు 24 రాత్రి 3600 మొదటి దెబ్బకే ఎక్కింది. ఆ ఊపులో 3800 పెట్టాను. తెర నల్లగా అయిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ తిరుగుతున్నాయి. మూడుసార్లు అలా ప్రయత్నించి బోర్డు దానంతటది పాత సెట్టింగులకి రావాలి. రాలేదు. పావుగంట దాని ముందు గొంతుక్కూర్చున్నాను. పాతికవేల మిషను నా చేత్తో నేనే చంపుకున్నాననిపించింది. మా ఆవిడ లేచొచ్చి, "ఏమండీ, ఏదైనా కాలిన వాసనొస్తోందా?" అంది. రాలేదు. కానీ ఆ మాట విన్నాక నాకు వాసన రావడం మొదలైంది.

సీమాస్ క్లియర్ చెయ్యాలి. బోర్డు మీద రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవరుతో కొన్ని సెకన్లు కలిపి ఉంచితే బయాస్ అన్నీ మర్చిపోయి మొదటికొస్తుంది. అప్పటికీ రాకపోతే గుండ్రటి సెల్ తీసి కాసేపాగి పెట్టాలి. నా బోర్డులో ఆ సెల్ గ్రాఫిక్స్ కార్డు కింద ఉంది. కార్డు తియ్యాలంటే కింద నొక్కాల్సిన క్లిప్పు ప్రాసెసర్ కూలర్ వెనక దాక్కుని ఉంది. దానికి మా ఆవిడ అట్లకాడ పిడి సరిగ్గా సరిపోయింది. ఈ అయిదు నెలల్లో పందొమ్మిదిసార్లు సీమాస్ క్లియర్ చేశాను, లెక్క రాసుకున్నాను. చేసిన ప్రతిసారీ ఫ్యాన్ సెట్టింగులు, తేదీ, బూట్ వరస అన్నీ పోతాయి. కాబట్టి ప్రతి బయాస్ పేజీనీ ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. పని మొదలుపెట్టే ముందే తియ్యండి, నాలాగా ఏడోసారి తర్వాత కాదు.

ఇంకో చిన్న ఖర్చు, నలభై రూపాయల బజ్జరు. నా బోర్డు మీద ఎర్రర్ కోడ్ చూపించే తెర లేదు. బజ్జరు తగిలిస్తే, మెమరీ పట్టనప్పుడు పొడుగ్గా కూస్తుంది. నల్ల తెర ముందు బొమ్మలా కూర్చోవడం కంటే నయం. అయితే అది కూసే వేళ ఎప్పుడూ రాత్రి ఒంటిగంటే. అమ్మ పక్క గదిలోంచి, "ఏట్రా అది, అర్ధరేత్రి కూతెడతంది?" అనేది. "మెమరీ అమ్మా" అన్నాను ఒకసారి. "నాకూ లేదు నాయినా, పడుకో" అంది.

జనవరి మొదటి వారానికి 3800 ఎక్కించాను. ఫ్యాబ్రిక్‌కి అన్నం పెట్టే ఎస్ఓసీ వోల్టేజి 1.1, దానికంటే కాస్త తక్కువగా వీడీడీజీ (అదీ ఫ్యాబ్రిక్‌దే), ర్యామ్‌కి 1.47 వోల్టులు. ఇక్కడ ఓ మాట. ఎస్ఓసీని ఆటోలో వదిలేస్తే బోర్డు దాని ఇష్టం వచ్చినట్టు పెంచేస్తుంది. నేను చేత్తో 1.1 దగ్గర కట్టేసి, ఎప్పుడూ దాటలేదు. విండోస్ వచ్చింది, ఆట ఆడింది, వేగం కొలిచే ఐడా64లో లేటెన్సీ, అంటే అడిగిన డేటా రావడానికి పట్టే ఆలస్యం, 56 నానోసెకన్లు చూపించింది. ఎక్స్‌ఎంపీలో అది 71. ఆ స్క్రీన్‌షాట్‌ని తమ్ముడికి పంపించాను. వాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఏమర్థమైందో వాడికి.

విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే డబ్ల్యూహెచ్ఈఏ 19 అన్న హెచ్చరికలు గంటకి వందల్లో ఉన్నాయి. ఫ్యాబ్రిక్ తడబడుతోంది, తడబడిన ప్రతిసారీ సరిదిద్దుకుంటోంది అని దానర్థం. పాటలు వింటుంటే మధ్యమధ్య చిటపట. సరిదిద్దుకుంటోంది కదా, పర్లేదనుకున్నాను. తర్వాత టెస్ట్‌మెమ్5 అనే పరీక్ష పెట్టాను. గంటన్నర పరీక్షలో నలభయ్యో నిమిషాన ఒక ఎర్రరు.

ఒక్కటి. పదహారు జీబీల్లో, కోట్ల కోట్ల సార్లు రాసి చదివితే, ఒక్కటి. పిల్లల పేపర్లు దిద్దేవాణ్ణి కదా, వందకి తొంభైతొమ్మిది వస్తే లేచి చప్పట్లు కొట్టే అలవాటు. ఇది కూడా తర్వాత చూద్దాంలే అని సంక్రాంతికి ఊరెళ్ళిపోయాను.

బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ ఊరు. కనుమ నాడు నాలుగు తరాల వాళ్ళం ఒకేచోట చేరడం ఎన్నేళ్ళకో. కెమెరాతో 612 ఫొటోలు తీశాను. జనవరి 17న ఇంటికొచ్చి కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డులోవి చెరిపేశాను. ఆ ఆదివారం పాపని ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్ళి అదే కార్డుతో ఇంకో నలభై తీశాను.

జనవరి 25 శనివారం మావయ్య ఫోను. "ఫొటోలు పంపిత్తానన్నావు, ఏవిరా?" పంపుదామని ఒక్కొక్కటీ తెరుస్తుంటే, ఒక ఫొటోలో మధ్య నుంచి కిందికి బూడిద రంగు. ఇంకోదాంట్లో అడ్డంగా గీత పడి, ఆ గీత కింద అందరూ ఆకుపచ్చగా ఉన్నారు. మొత్తం 612 చూసేసరికి రాత్రి పదకొండైంది. తొమ్మిది పాడయ్యాయి. కార్డు నుంచి డిస్కుకి వెళ్ళే ప్రతి ఫొటో ర్యామ్ మీంచే వెళ్తుంది. దారిలో ఒక్క బిట్ తిరగబడితే చాలు, జేపెగ్ ఫొటో ఆ చోటు నుంచి చెడిపోతుంది. ఏ హెచ్చరికా రాదు. నీలం తెర రావడం నిజానికి అదృష్టం, ఎక్కడో తప్పుందని చెబుతుంది కదా.

నా కడుపులో ఏమైందో రాయలేను. నా ఆట కోసం, పదిహేను నానోసెకన్ల కోసం.

ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో కార్డులో చెరిపేసినవి వెతికాను. ఆరు దొరికాయి. మిగతా మూడింటి మీద బీచ్ ఫొటోలు పడిపోయాయి. వాటిలో రెండు, అదే క్షణంలో మావయ్య కూతురు ఫోనుతో తీసినవి ఉన్నాయి. ఒకటి పోయింది. పై సగంలో అమ్మమ్మ నవ్వుతోంది, కింద సగం బూడిద. ఒళ్ళో అరిసెల పళ్ళెం పెట్టుకుని ఉండాలి, నాకు గుర్తుంది. ఆ ఫైలుని అలాగే ఉంచాను.

రిపబ్లిక్ డే రోజంతా విండోస్ మళ్ళీ మొదట్నుంచి ఎక్కించడంలో పోయింది. ఎందుకంటే పాడయినవి తొమ్మిది ఫొటోలేనని నాకెవరు హామీ ఇస్తారు? ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. టైమింగ్స్ మార్చే రోజుల్లో అసలు డిస్కుల కేబుల్ పీకేస్తాను. మూల పడున్న పాత 250 జీబీ డిస్కులో వేరే విండోస్ వేసి, ప్రయోగాలన్నీ దాని మీదే. ఒక్క ఎర్రరున్నా ఆ సెట్టింగు ఫెయిలు. తొంభైతొమ్మిదికి పాసు మార్కుల్లేవు.

3800 వదిలేశాను. 1900 నా ప్రాసెసర్‌కి పడదు, అంతే. 3600 దగ్గర వేగం కట్టేసి, ఇక టైమింగ్స్ మీద పడ్డాను. ఇంతకుముందు చేసిన పెద్ద పొరపాటు, ఒకేసారి నాలుగు అంకెలు మార్చి పరీక్ష పెట్టడం. ఎర్రరొస్తే ఎవడు దొంగో తెలియదు. నాలుగు అవ్యక్తాలు, ఒకే సమీకరణం. నా విద్యార్థి అలా చేస్తే గోడ కుర్చీ వేయించేవాణ్ణి. ఈసారి పాత అటెండెన్స్ రిజిస్టరు తీసుకుని, రాత్రికి ఒక్కటే మార్పు, ఒక గడిలో పాత అంకె, ఒక గడిలో కొత్తది, వోల్టేజి, పరీక్ష ఎంతసేపు, ఎర్రర్లు.

14-14-14 తేలిగ్గా కూర్చుంది. తర్వాత మిగతా టైమింగ్స్: టీఆర్ఏఎస్ 34 నుంచి 28కి, టీఆర్‌సీ 42కి. టీఆర్ఆర్‌డీఎస్ 4, దానికి నాలుగు రెట్లు కాబట్టి టీఎఫ్ఏడబ్ల్యూ 16. మధ్యలో సరదాకి సీఎల్‌ని 15 పెట్టి చూస్తే, నడుస్తున్న టైమింగ్స్ చూపించే జెన్‌టైమింగ్స్ అనే ప్రోగ్రాములో 16 అని చూపించింది. బయాస్ చెడిందేమో అనుకున్నాను. బయాస్‌లో గేర్‌డౌన్ మోడ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే బేసి సీఎల్ దాని పై సరిసంఖ్యకి మారిపోతుందట. ఒక రాత్రి దానికి పోయింది. ఇంకో రాత్రి రెండుం పది నిమిషాలకి కరెంటు పోయింది. నాలుగు గంటల పరీక్ష గంగలో కలిసింది. నా యూపీఎస్ పది నిమిషాలకే చేతులెత్తేసే రకం.

అన్నిటికంటే లాభం వచ్చిందీ, అన్నిటికంటే ఏడిపించిందీ టీఆర్ఎఫ్‌సీ. ర్యామ్‌లో ప్రతి బిట్టూ చిన్న కెపాసిటర్. చిల్లికుండలా దానిలో చార్జి కారిపోతూ ఉంటుంది, అందుకని కొద్ది మైక్రోసెకన్లకోసారి కొన్నిటి చొప్పున నింపుతూ ఉండాలి. ఆ నింపే పనికి ఎంతసేపు ఇస్తామన్నదే టీఆర్ఎఫ్‌సీ. అంతసేపూ ర్యామ్ వేరే పని చెయ్యదు కాబట్టి ఎంత తగ్గిస్తే అంత లాభం. బోర్డు ఆటోలో 630 పెట్టింది, అంటే 350 నానోసెకన్లు. బీ-డైకి అందులో సగం కూడా అక్కర్లేదు.

ఇక్కడ నాకు పండగే. 630 నడుస్తుంది, 250 దగ్గర బూటే అవలేదు. మధ్యలో 440, నడిచింది. 345, నడిచింది. 297, నడిచింది. 273, నడిచింది. 261, ఎర్రర్లు. 267, మూడు గంటల తర్వాత ఎర్రరు. 270, తొమ్మిది గంటలు శుభ్రం. ఇంటర్వల్‌ని సగం సగం చేసుకుంటూ మూలాన్ని పట్టడం పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో, జీవితంలో నాకు పనికొచ్చింది ఇదే మొదటిసారి. 270 అంటే కచ్చితంగా 150 నానోసెకన్లు. ఫిబ్రవరి 16 తెల్లారుజామున, 1.47 వోల్టుల దగ్గర, రిజిస్టరులో ఎర్ర ఇంకుతో పాస్ అని రాసి సంతకం కూడా పెట్టాను. లేటెన్సీ 60. డబ్బులు పెట్టి కొన్న కార్హు పరీక్ష (పది యూరోలకి దగ్గర, నాకు 950 రూపాయల చిల్లర పడింది) కూడా రాత్రంతా నడిపాను. ఎర్రర్లు సున్నా. అసలు డిస్కుల కేబుల్ తగిలించేశాను.

ఏప్రిల్ 12, రెండో శనివారం, మధ్యాహ్నం మూడు. మేం పై అంతస్తులో ఉంటాం, నెత్తి మీద స్లాబు తప్ప ఏమీ లేదు. 28 రన్‌వే మీదికి దిగుతుంటే ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చేసింది. గేమ్ చెడిందనుకున్నాను. మర్నాడూ అంతే. అప్పుడు నా చెయ్యి దానంతటదే వెళ్ళి డిస్కు కేబుల్ పీకేసింది. టెస్ట్‌మెమ్5 పెట్టాను. 22 నిమిషాలకి ఎర్రరు. ఆ తర్వాత వరసగా.

ఫిబ్రవరిలో తొమ్మిది గంటలు నడిచిన అదే సెట్టింగు. నాకు పిచ్చెక్కినట్టయింది. చిప్పులు అరిగిపోయాయేమో, 1.47 వోల్టులు ఎక్కువై కాలిపోయాయేమో అని రెండు రోజులు నిద్ర లేదు. ఆ రాత్రి పదింటికి మళ్ళీ పరీక్ష పెడితే పాస్!

మా ఫిజిక్స్ మేష్టారిది శ్రీకాకుళం. స్టాఫ్‌రూములో ఈ గొడవంతా విని, టీ గ్లాసు కింద పెట్టి, "మేష్టారూ, మన పిల్లలికి పరీక్షలు మార్చి నెల ఎండల్లో పెడతాం కదండీ. దీనికి మాత్రం రేత్రి పదింటికి, చల్లగాలికి పెడతారేటండీ?" అన్నారు.

ఇంటికెళ్ళి, సెన్సర్లు చదివే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాములో ర్యామ్ ఉష్ణోగ్రత చూశాను. నా ముక్కల్లో దానికి సెన్సరుంది, అన్నిట్లోనూ ఉండదు. ఫిబ్రవరి రాత్రుల్లో పరీక్షప్పుడు 38 డిగ్రీలు రాసుకున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం, పక్కనే గ్రాఫిక్స్ కార్డు వేడి కక్కుతుంటే, 54. వేడెక్కిన కొద్దీ ఆ చిల్లికుండలు త్వరగా కారతాయి, బీ-డైకి ఆ జబ్బు మరీ ఎక్కువ. నేను సగం సగం చేసుకుంటూ అంచు వెతికి, కచ్చితంగా ఆ అంచు మీదే నిలబెట్టాను. టీఆర్ఎఫ్‌సీ ఒక్కటే చలరాశి అనుకున్నాను. ఉష్ణోగ్రత స్థిరరాశి అని ఎవరు చెప్పారు నాకు? వైజాగ్‌లో!

పైగా నా పరీక్షలన్నిటిలోనూ గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుని ఉంది. ఆట ఆడేటప్పుడు అది పొయ్యిలా ఉంటుంది, ర్యామ్ దానికి రెండు బెత్తెల దూరం. ర్యామ్‌ని మాత్రమే పరీక్షించే ప్రోగ్రాములకి ఈ సంగతి పట్టదు. ఇప్పుడు రెండూ ఒకేసారి నడుపుతున్నాను, ఒక పక్క కార్డు మీద భారం, ఇంకో పక్క మెమరీ పరీక్ష.

దిద్దుబాటు చిన్నదే. టీఆర్ఎఫ్‌సీని 306కి, అంటే 170 నానోసెకన్లకి వదులు చేశాను. వోల్టేజిని 1.47 నుంచి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తే 1.43 దగ్గర కూడా 14-14-14 నిలబడింది. ఇన్నాళ్ళూ ఊరికే ఎక్కువ పోస్తున్నానన్నమాట, ఆ ఎక్కువంతా వేడే. ద్వారకానగర్‌లో 450 పెట్టి 120 మిల్లీమీటర్ల ఫ్యాను కొని, ర్యామ్ మీదికి గాలి తగిలేలా కేబినెట్ కడ్డీకి జిప్ టైలతో కట్టాను. అదే మధ్యాహ్నపు ఎండలో 54 కాస్తా 45 అయింది. అన్ని అంకెల కన్నా ఆ ఫ్యానే ఎక్కువ పని చేసింది. కేబినెట్ చూడ్డానికి అంబులెన్స్‌లో పేషెంటులా ఉందని మా ఆవిడ అంటుంది.

ఖర్చు సంగతి. ర్యామ్ జత 4,800, అందులో పాతవి అమ్మితే 1,600 వెనక్కొచ్చింది. ఫ్యాను 450, కార్హు 950, బజ్జరు 40, రెండు సెల్స్ 60. మెమ్‌టెస్ట్86 అనే ఇంకో మెమరీ పరీక్ష కోసం పెన్‌డ్రైవ్ 350. దాని ఉచిత రకంలో నాలుగు పాస్‌లు మాత్రమే నడుస్తాయి, మొదటి వడపోతకి అది చాలు. రాత్రిళ్ళు నడిపినందుకు నెలకి దాదాపు ముప్ఫై యూనిట్లు పెరిగి, ఫిబ్రవరి బిల్లు పై స్లాబులోకి వెళ్ళింది. ఫలితం? ఎక్స్‌ఎంపీ మీట నొక్కిన అరగంటలో ఏడు ఫ్రేములు వచ్చాయి, 31 నుంచి 38కి. ఆ తర్వాత అయిదు నెలల్లో వచ్చినవి మూడు. ఇప్పుడు 41. దిగేటప్పుడు అతుక్కోవడం మాత్రం నిజంగా పోయింది. సగటు కన్నా ఆ కుదుపుల్లోనే లేటెన్సీ తేడా తెలుస్తుంది. అయినా ఎవరైనా అడిగితే, ఎక్స్‌ఎంపీ నొక్కి, ఒక రాత్రి పరీక్ష పెట్టి వదిలెయ్యమనే చెబుతున్నాను. వాళ్ళు వినరు, నేను విన్నానా?

నా అంకెలు ఇక్కడ ఉన్నాయి కదా అని వాటినే ఎక్కించేయకండి. నా చిప్పులు వేరు, నా ప్రాసెసర్ వేరు. అదే మోడల్ నంబరు అయినా వేరేనని నా మొదటి జతే చెప్పింది.

ఆఖరి పరీక్ష మే 18, ఆదివారం. పొద్దున్న పదకొండుకి మొదలుపెట్టి, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను కావాలనే ఆపేశాను. బయట ఉప్పగాలి కూడా స్తంభించిపోయిన రోజు. హాల్లో అమ్మ, మా ఆవిడ, పాప విసనకర్రలు పట్టుకుని నన్ను చూస్తున్నారు. కంప్యూటర్ ఉన్నది హాల్లోనే మరి. ర్యామ్ 47 డిగ్రీలు. ఒంటిగంట, రెండు, మూడు. సున్నా. నాలుగున్నరకి పరీక్ష ఆపి, బయాస్‌లో ఆ సెట్టింగుని మొదటి ప్రొఫైల్‌గా సేవ్ చేసి, రిజిస్టరు మూశాను.

"అయిపోనాదా?" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా."

"అయితే ఫేనెయ్యి నాయినా, ఉడికిపోతన్నాం."